డాబా తాళం అడిగారా?

ప్రశ్న: మేము ఒక ఇల్లు కొనాలనుకుంటున్నాం. కట్టి 12 ఏళ్ళయింది. కింద ఒక వాటా, పైన ఒక వాటా. రెండుసార్లు వెళ్ళి చూశాం, రెండుసార్లూ సాయంత్రమే. ఈమధ్యే రంగులు వేయించారట, ఇల్లు కళకళలాడుతోంది. కింది పడకగదిలో కిటికీ మూల నుంచి పైకి ఏటవాలుగా ఒక సన్నని పగులు కనిపించింది. 'పగుళ్ళు లేని ఇల్లు ఎక్కడుంటుంది' అంటారు మా వారు. ఇంజనీరుకి చూపిద్దామంటే దండగ ఖర్చు అన్నారు. డాబా మీదికి వెళ్తామంటే తాళంచెవి కనబడటం లేదన్నారు ఇంటాయన. వేరేవాళ్ళు కూడా అడుగుతున్నారట, వారంలోగా అడ్వాన్సు ఇమ్మంటున్నారు. టెన్షన్‌తో నాకు నిద్ర పట్టడం లేదు. కొనేముందు మా అంతట మేము ఏమేం చూసుకోగలం? ఆ పగులు సంగతేమిటి? నిజంగా ఇంజనీరు కావాలా?
- ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట పగులు కాదు, కనబడని తాళంచెవి. ఇంటికి వచ్చే రోగాల్లో సగం డాబా మీదే మొదలవుతాయి. అక్కడికి వెళ్ళకుండా ఇల్లు చూశామంటే, చూసింది సగమే.

ఇంటాయన మోసగాడని అనడం లేదు. ఫొటో దిగేముందు తల దువ్వుకున్నట్టు, ఇల్లు అమ్మేముందు ఎవరైనా రంగులు వేయిస్తారు. కాకపోతే ఆ రంగు కింద ఏముందో మొదటి పెద్ద వాన దాకా ఎవరికీ తెలియదు. అప్పటికి ఇల్లు మీదైపోయి ఉంటుంది.

మా ఇంట్లో జరిగిందే చెబుతాను. చాలా ఏళ్ళ క్రితం మేమూ ఇలాగే రంగులు చూసి మురిసిపోయి ఒక ఇల్లు కొన్నాం. వెనక గదిలో గోడకి ఆనించి పెద్ద బీరువా ఉండేది. దాన్ని పక్కకి జరిపి చూద్దామని మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. వాళ్ళు సామాను తీసుకెళ్ళిన రోజున చూస్తే ఆ బీరువా వెనక గోడ మోకాలెత్తు వరకు నెమ్మెక్కి, నల్లగా బూజు పట్టి ఉంది. ఎవరిని అడగాలి? కాగితాలు అయిపోయాయి. అప్పట్నుంచి ఎవరింటికి వెళ్ళినా కూర్చునేముందు గోడ మీద అరచెయ్యి పెట్టి చూడటం నాకు అలవాటైపోయింది. మావాళ్ళు నవ్వుతారు, నవ్వనివ్వండి.

మీరు వెళ్ళిన రెండుసార్లూ గదులు చూశారు, గాలీ వెలుతురూ చూశారు. మూడోసారి నీటి వెనకాల నడవండి. పైన పడిన వాన ఎటు పోతోంది, వాడిన నీరు ఎటు పోతోంది, నేలలోని చెమ్మ ఎంత దాకా ఎక్కింది? ఇంటిని దాచి దాచి తినేవాటిలో ముందు వరస నీళ్ళదే. పిల్లర్‌లో ఇనుము తుప్పు పట్టడానికీ, చెదలు రావడానికీ, ఒక్కోసారి పునాది కుంగడానికీ మూలం వెతికితే అక్కడే తేలుతుంది.

కాబట్టి పైనుంచి మొదలుపెట్టండి. వాన పడిన మర్నాడు వెళ్ళగలిగితే అంతకు మించిన పరీక్ష లేదు. డాబా మీద నీళ్ళు మడుగు కట్టాయా? వాన వెలిసి 48 గంటలు గడిచినా నీరు నిలిచే ఉంటే స్లాబు వాలు సరిగ్గా లేదని అర్థం. వానలు లేని రోజులైతే నాలుగు బకెట్లు పోసి చూడండి, నీరు తూముల వైపు పరిగెత్తాలి. పిట్టగోడ, స్లాబు కలిసే చోట వేలు పెట్టి చుట్టూ నడవండి. నీరు దిగేది ఎక్కువగా ఆ అతుకులోంచే. పగుళ్ళలోంచి మొక్కలు మొలిచి ఉంటే, వేళ్ళు లోపలికి పోయేంత సందూ, అవి బతికేంత తడీ అక్కడ ఉన్నట్టే. నీళ్ళ ట్యాంకు కింద దిమ్మె తడిగా ఉందా? డాబా అంతా పాతగా ఉండి ఒక్కచోట మాత్రం కొత్తగా వాటర్‌ప్రూఫ్ పూత కనిపిస్తే, అదే చోటికి సరిగ్గా కింద ఏ గది వస్తుందో లెక్కేసుకోండి. ఇక ఆ గదిలోకే వెళ్ళండి.

కింద సీలింగు వంక చూడటానికి టార్చి కావాలి. లైటు వేసి చూస్తే అంతా చదునుగానే ఉంటుంది. లైటు ఆర్పేసి, టార్చిని సీలింగుకి దాదాపు ఆనించి పక్కవాటుగా వేయండి. ఉబ్బులు, అతుకులు, మళ్ళీ పుట్టీ పెట్టిన చోట్లు నీడలతో సహా బయటపడతాయి. గోధుమరంగు వలయాలు పాత కారుడుకి గుర్తు. తుప్పు రంగు చారలు కనిపించినా, సిమెంటు పెచ్చులు ఊడినా, ఊడిన చోట కొత్తగా పూసి ఉన్నా దాన్ని తేలిగ్గా తీసుకోకండి. మామూలుగా కాంక్రీటులో ఉండే క్షారగుణం లోపలి ఇనుమును కాపాడుతుంది. ఏళ్ళ తరబడి గాలీ తేమా లోపలికి దిగితే ఆ కాపుదల పోతుంది, ఇనుము తుప్పు పడుతుంది. తుప్పుకి ఇనుము కంటే ఎక్కువ చోటు కావాలి, అందుకే అది ఉబ్బి పైనున్న కాంక్రీటును తోసేస్తుంది. తుప్పు పూర్తిగా గీకకుండా పైన సిమెంటు మెత్తడం చీము తీయకుండా కట్టు కట్టడమే. కొన్నాళ్ళకి మళ్ళీ ఊడుతుంది, ఈసారి ఇంకొంచెం పెద్ద ముక్క. ఫాల్స్ సీలింగ్ ఉన్న గది ఉంటే, ఒక్క లైటైనా ఊడదీసి ఆ రంధ్రంలోంచి లోపలికి చూడనివ్వమని అడగండి.

మీరు చూసిన ఇంట్లో రెండు వాటాలు కనుక, పై వాటా స్నానాలగది కింద ఏ గది ఉందో తప్పకుండా చూడండి. ఇక్కడ ఒక మొండి పరీక్ష ఉంది. స్నానాలగది తూమును గుడ్డతో బిగించి, రెండు వేళ్ళ లోతు నీళ్ళు నింపి, మట్టం దగ్గర పెన్సిలుతో గీత గీసి 24 గంటలు వదిలేయడం. నీరు గీత కిందికి బాగా దిగినా, కింద సీలింగు చెమర్చినా నేల కింద వాటర్‌ప్రూఫింగ్ పోయిందేమోనని అనుమానించాలి, తూము గుడ్డలోంచి నీరు జారలేదని మాత్రం చూసుకోండి. గడప దాటి నీళ్ళు బయటికి రాకుండా ముందే అడ్డు పెట్టుకోవాలి. మనుషులుంటున్న ఇంట్లో ఇది కష్టమే. ఒక రాత్రి వరకైనా ఒప్పించండి.

గోడల విషయానికొస్తే, తడి ఎంత ఎత్తులో ఉందన్నదే అసలు ప్రశ్న. నేల నుంచి ఎక్కే చెమ్మ సాధారణంగా ఒక మీటరు లోపే ఆగుతుంది. ఆగిన చోట ఒక వంకర గీత, దాని చుట్టూ తెల్లటి ఉప్పు పొడి. చేత్తో రాస్తే రాలుతుంది. అంతకంటే పైన ఎక్కడో ఒక మచ్చ ఉంటే బయట గోడలోంచో, లోపలి పైపులోంచో వస్తోందనుకోవచ్చు. గోడ అవతల ఏముంది? స్నానాలగదా, పూలకుండీలా, పక్కింటి తూమా? ఆ తడి గోడలోంచి వస్తోందా, గదిలోని గాలి చల్లబడి గోడ మీద చేరుతోందా అని అనుమానం వస్తే అక్కడ ఒక ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు వైపులా టేపు వేసి అంటించి రెండు రోజులు ఉంచండి. కాగితం వెనక, అంటే గోడ వైపు నీటిచుక్కలు పడితే తడి గోడలోదే. మన వైపు పడితే గదికి గాలి చాలడం లేదంతే. ఇక ముక్కు కూడా పనిచేయాలి. తలుపులు మూసి ఉంచిన గది తెరవగానే ముక్కవాసన వస్తే ఏ రంగూ దాన్ని కప్పలేదు. అగరొత్తులు, సెంట్లు మరీ గుప్పుమంటున్నా నాకు అనుమానమే.

నీటిమీటరు ఉన్న ఇల్లైతే ఒక చిన్న పని చేయండి. ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి, ట్యాంకు నిండటం పూర్తయ్యాక మీటరు అంకె రాసుకోండి. ఒక గంట ఆగి మళ్ళీ చూడండి. ఎవరూ వాడకుండా అంకె జరిగిందంటే నేల కిందో గోడలోనో నీరు పోతోంది. మీటరు లేకపోతే పై ట్యాంకులో నీటి మట్టం గుర్తు పెట్టి రాత్రంతా ఉంచినా అదే తెలుస్తుంది. ఆ తర్వాత రెండు మూడు కుళాయిలు ఒకేసారి తిప్పి, ఫ్లష్ నొక్కండి. ధార ఎంత పల్చబడుతోంది, తూములో నీరు గుడగుడలాడుతూ వెనక్కి తంతోందా అన్నది చూడాలి. ఇంటాయన వింతగా చూస్తారు. ఫరవాలేదు.

ఇప్పుడు మీ పగులు. మీ వారు అన్నమాట అబద్ధం కాదు. ప్లాస్టరింగ్ ఆరేటప్పుడు కుంచించుకుపోయి వెంట్రుకల్లాంటి గీతలు వస్తాయి, పిల్లర్‌కీ ఇటుక గోడకీ మధ్య నిటారు గీత వస్తుంది, కిటికీ మూలల దగ్గర బరువు ఒత్తిడి ఎక్కువ కాబట్టి అక్కడ కూడా సన్నగా బీటలు వారడం మామూలే. గోడల పగుళ్ళలో 1 మిల్లీమీటరు లోపు వాటిని చాలావరకు రంగుపనితో సరిపోయే కింద లెక్కేస్తారు. 5 మిల్లీమీటర్లు దాటితే మాత్రం ఇంజనీరు చూడకుండా వదలకూడదు. అయితే వెడల్పు ఒక్కటే కొలత కాదు, దాని తీరు కూడా చూడాలి. పగులు ఒక కొసన సన్నగా, మరో కొసన వెడల్పుగా ఉందా? ఇటుకల అతుకుల వెంబడి మెట్లు మెట్లుగా పోతోందా? అదే చోట గోడ బయటివైపు కూడా ఉందా? పై వాటాలో సరిగ్గా దాని మీద గదిలో ఇంకొకటి ఉందా? దగ్గర్లో తలుపు పట్టేస్తోందా, తలుపుకీ ద్వారబంధానికీ మధ్య సందు ఒకవైపు ఎక్కువ ఒకవైపు తక్కువగా ఉందా? వీటిలో రెండు మూడింటికి అవునని జవాబొస్తే పునాది ఒకవైపు కుంగుతోందేమో చూపించుకోవాల్సిందే. పిల్లర్ మీద, బీమ్ మీద లోపలి ఊచల వెంబడి నడిచే పగులైతే ఎంత సన్నదైనా చూపించాలి.

మీ ఉత్తరంలో మీరు గమనించని ఆధారం ఒకటుంది. రంగులు ఈమధ్యే వేశారన్నారు, అయినా పగులు కనబడింది. రంగు వేసేముందు పుట్టీ పెడతారు కదా, అప్పుడు పూడ్చేసిన పగులు మళ్ళీ ఎందుకు తెరుచుకుంది? టార్చి వేసి పగులు లోపలి అంచులు చూడండి. కొత్త రంగు లోపలిదాకా దిగి ఉంటే అది పాతదే, పనివాడు బద్ధకించి పూడ్చలేదు. రంగు అంచులు తెగినట్టు పదునుగా ఉండి, లోపల రంగులేని సిమెంటు కనబడితే రంగు వేశాక తెరుచుకున్నదన్నమాట. అది పుట్టీ కుంచించుకోవడం కావచ్చు, గోడ ఇంకా కదులుతూ ఉండటమూ కావచ్చు. కదలిక తేలాలంటే కాలం కావాలి. పగులుకి అటూ ఇటూ పెన్సిలుతో చుక్కలు పెట్టి, మధ్య దూరం కొలిచి, పగులు కొసన గీత గీసి తేదీ రాస్తారు. కొన్ని నెలలు చూస్తే గానీ అది మాట్లాడదు. మీకు అంత వ్యవధి లేదు కాబట్టే ఇంజనీరు కావాలంటున్నాను.

కరెంటు గురించి ఎక్కువ చెప్పను, మీరు బోర్డులు విప్పొద్దు. స్విచ్చుల చుట్టూ కాలిన మచ్చలు, మోటారు వేయగానే లైట్లు బాగా మినుకుమనడం, ప్లగ్గు పెడితే చిటపటలు, ఇవి బయటినుంచే తెలుస్తాయి. మెయిన్ బోర్డులో షాక్ నుంచి కాపాడే బ్రేకరు ఉందా, దాని టెస్ట్ బటన్ నొక్కితే పడిపోతోందా అన్నది ఇంటాయన చేతే నొక్కించి చూడండి. ఎర్తింగ్ ఉందని మూడు రంధ్రాల సాకెట్ చూసి నమ్మకండి. రంధ్రం ఉంటుంది, వెనక తీగ ఉండదు. అది ఎలక్ట్రీషియన్ కొలిచి చెప్పాల్సిన విషయం.

చెదల కోసం ద్వారబంధాల అడుగుభాగం, వంటింటి అలమరాల వెనక, మెట్ల కింద అర చూడండి. గోడ మీద పెన్సిలంత లావు మట్టి దారులు కనిపిస్తాయి. చెద తిన్న కొయ్యైతే, పైన రంగు వేసి ఉన్నా, స్క్రూడ్రైవర్ పిడితో తడితే డొల్ల శబ్దం వస్తుంది. కిటికీల దగ్గర రాలిన రెక్కలు కూడా వాటి గుర్తే. కొయ్య కింద మెత్తటి పిండిలాంటి పొడి పడుతుంటే అది చెద కాదు, పుచ్చు పురుగు. నేల పలకల్ని కూడా నాణెంతో తట్టుకుంటూ వెళ్ళండి. ఒకటీ అరా డొల్లగా పలికితే పనితనం లోపం. గదిలో ఒక మూలంతా అలాగే పలికి, నేల కూడా వాలినట్టుంటే కింద మట్టి దిగిందేమో అడగాలి.

ఇంకో ప్రశ్న చాలామంది అడగడం మరిచిపోతారు. పై వాటా కింది వాటాతోపాటే కట్టారా, తర్వాత లేపారా? తర్వాత లేపితే మొదటి పునాది ఆ బరువుకి లెక్కకట్టి వేసిందేనా? హాలు పెద్దది చేయడానికి ఏ గోడైనా తీసేశారా? కొన్ని గోడలు అడ్డు కోసం ఉంటాయి, కొన్ని పై బరువు మోస్తుంటాయి. రెండో రకం గోడ తీసేసి బీమ్ వేయకపోతే దాని బాధ పై వాటా పగుళ్ళలో కనబడుతుంది. మొదటి ప్లాను కాగితం తెప్పించుకుని ఇప్పుడున్న గదులతో పోల్చి చూడండి. ఆ పోలిక రేపు అనుమతుల విషయంలోనూ పనికొస్తుంది. కాగితాల పరిశీలన వేరే కథ, అది లాయరు పని.

సాయంత్రాలు చూశానన్నారు. ఒకసారి పట్టపగలు, ఒకసారి రాత్రి తొమ్మిది దాటాక వెళ్ళండి. ఇరుగుపొరుగుతో మాట్లాడండి. 'ఈ ఇల్లు ఎలాంటిది' అని అడిగితే ఎవరూ చెప్పరు. 'వానాకాలంలో మీ వీధిలో నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయండీ' అని అడగండి, చేతులు చూపించి మరీ చెబుతారు. ప్రహరీ గోడల మీద పాత నీటి చారలున్నాయేమో కూడా చూడండి.

ఇంజనీరు సంగతి. మీ వారికి నా మాటగా చెప్పండి, దండగ కాదు. ఇంటి ధరతో పోలిస్తే ఆ ఫీజు లెక్కలోకి రాదు. ఒక పిల్లర్ మరమ్మతుకి అయ్యే ఖర్చుతో పోల్చినా చిన్నదే. కానీ బ్రోకరు చెప్పిన మనిషి వద్దు, ఇంటాయనకి తెలిసినవాడూ వద్దు. మీరు వెతికి, మీరు ఫీజిచ్చే స్ట్రక్చరల్ ఇంజనీరు కావాలి. నోటిమాటతో సరిపెట్టుకోకుండా రాతపూర్వకంగా అడగండి. ఏ లోపం ఎంత తీవ్రమైంది, బాగుచేయడానికి సుమారు ఎంత అవుతుంది, ఏది చూడటానికి కుదరలేదు, ఈ మూడూ అందులో ఉండాలి. మూడోది ముఖ్యం. అనుమానం వస్తే ఆయన కాంక్రీటును చిన్నగా చెక్కి ఒక ద్రావణం చల్లవచ్చు. ఫినాఫ్తలీన్ అంటారు. కాంక్రీటు గులాబీరంగుకి తిరిగితే ఇనుమును కాపాడే గుణం ఇంకా ఉన్నట్టు, రంగు మారకపోతే పోయినట్టు. థర్మల్ కెమెరా తెచ్చేవాళ్ళూ ఉన్నారు. అది నీటిని చూపించదు, చల్లగా ఉన్న చోట్లను చూపిస్తుంది. అక్కడ తేమ ఉందో లేదో తేమ కొలిచే మీటరుతో నిర్ధారించుకోవాలి. కెమెరా బొమ్మ చూసి హడలిపోకండి, మురిసిపోకండి.

ఏదో ఒక లోపం బయటపడుతుంది, అందులో సందేహం లేదు. లోపం కనబడగానే ఇల్లు వదులుకోనక్కర్లేదు. డాబా వాటర్‌ప్రూఫింగ్, వైరింగ్, చెదల మందు, ఇవన్నీ డబ్బుతో పోయే జబ్బులు. అంచనా కాగితం పెట్టుకుని ధరలో తగ్గించమని అడగండి, లేదా వాళ్ళనే బాగుచేయించి ఇమ్మనండి. బాగుచేస్తుంటే మాత్రం రంగు వేయకముందే మీరు వెళ్ళి చూడాలి. పునాది కదులుతోందన్నా, చాలా పిల్లర్లలో ఇనుము తినేసిందన్నా నేనైతే అక్కడే దణ్ణం పెట్టి వచ్చేస్తాను, ఇల్లు ఎంత నచ్చినా సరే.

వారం గడువు గురించి. అడిగే వేరేవాళ్ళు నిజంగానే ఉండొచ్చు. అడ్వాన్సు ఇవ్వాల్సి వస్తే, ఇంజనీరు పరిశీలనలో పెద్ద లోపం తేలితే డబ్బు వెనక్కి ఇస్తామని కాగితం మీద రాయించుకున్నాకే ఇవ్వండి. కారుడు, చెదలు, పగుళ్ళు, మరమ్మతుల గురించి నాలుగు ప్రశ్నలు రాసిచ్చి, జవాబులు రాసి సంతకం చేయమనండి. నోటితో 'ఏమీ లేదండీ' అన్న మనిషి కూడా కలం చేతికిస్తే కాసేపు ఆలోచిస్తాడు. మొహమాటంగా ఉంటే ఇంజనీరు మీదికి తోసేయండి: 'ఆయన ఇవి రాయించుకు రమ్మన్నారండీ.'

ఇవాళే ఇంటాయనకి ఫోన్ చేయండి. ఈసారి పొద్దున వస్తామని, ఓ రెండు మూడు గంటలు ఉంటామని, బీరువాలు కొంచెం జరపాల్సి వస్తుందని చెప్పండి. డాబా తాళంచెవి ఇంకా దొరకలేదంటే, తాళం పగలగొట్టి కొత్తది వేసే ఖర్చు మీరే పెట్టుకుంటామనండి. ఆయన ఏమన్నారో నాకు రాయండి.